ఉయ్యాల, గొలుసు, గోనెసంచి

(శ్రీకాకుళంలో చంటిపిల్లల తల్లిదండ్రుల కోసం జరిగిన ఒక సాయంత్రపు సమావేశంలో విశ్రాంత పశువైద్యుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం.

వెనకాల నిలబడ్డ అమ్మాయీ, చంటిదాన్ని ఎత్తుకుని ఎంతసేపలా నిలబడతావు తల్లీ, ముందుకొచ్చి కూర్చో. అది ఏడిస్తే ఏడవనీ. నా సర్వీసంతా గేదెల అరుపుల మధ్యే మాట్లాడాను. దీని ఏడుపు నాకో లెక్క కాదు.

నన్ను ఈ సభకి పిలిచినప్పుడు, "నేను పశువుల డాక్టర్నండీ, పిల్లల డాక్టర్ని కాను, మీరు నంబరు తప్పు నొక్కారేమో" అన్నాను. "తెలుసండీ, మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి కదా, అందుకే పిలుస్తున్నాం" అన్నారు. (నవ్వులు) అన్నీ అంటే ఏమిటో చెబుతాను.

మా ఇల్లు బలగ వైపు, నాగావళి గట్టుకి దగ్గర. మూడేళ్ల కిందట మా అమ్మాయి రెండో కాన్పుకి వచ్చింది. రెండో కాన్పు అత్తవారు చేయడం మనలో రివాజు. కానీ వియ్యపురాలికి మోకాలి ఆపరేషన్ అవడంతో అదీ మాకే దక్కింది. అప్పటికి ఇంట్లో నేనూ, మా ఆవిడా, జిమ్మీ అనే నాలుగేళ్ల కుక్కా, పెరట్లో ఆవూ పెయ్యా, ఇంకా పేరు లేని ఒక పిల్లీ. పేరు పెట్టినా పిలిస్తే రాదు కదా అని పెట్టలేదు. అమ్మాయితో పాటు నాలుగేళ్ల మనవడొచ్చాడు. వాణ్ణి చిన్నా అంటాను, అసలు పేరు చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు వాడికి ఏడేళ్లు. ఇవాళ చెప్పే సంగతుల్లో ఒకటి వాడి రహస్యం. అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆ అనుమతి ఒక సైకిలు బెల్లు ఖరీదు చేసింది.

జిమ్మీ గురించి ఒక్క ముక్క. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది, మీరెవరూ మరిచిపోయి ఉండరు. ఆ తర్వాత వారం రోజులు వజ్రపుకొత్తూరు, పలాస వైపు పశువుల క్యాంపుల్లోనే ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లు దువ్వెన పళ్లలా ఒకే వైపు పడి ఉన్నాయి. ఒక జీడితోటలో, కూలిన చెట్టు కింద అరచేయంత కుక్కపిల్ల. గ్లూకోజు సీసాల అట్టపెట్టెలో జీపెక్కి ఇంటికొచ్చింది. అదే జిమ్మీ. మూడో నెల నిండగానే రేబిస్ టీకా నేనే వేశాను. నాలుగేళ్లూ అది ఇంటికి చిన్నబిడ్డ. మా ఆవిడ మంచం కిందే పడక.

పశువుల డాక్టరుకి పేషెంటు ఏమీ చెప్పదు. రైతు చెబుతాడు, అదీ సగమే. "రేత్రి నుంచి మేత ముట్నేదు బాబూ" అంటాడు, అంతే. మిగతాది మనం చూసుకోవాలి. చెవులు వాలాయా, నెమరు వేస్తోందా, ముట్టె తడిగా ఉందా, ఎడమ డొక్క ఉబ్బిందా, లేవడానికి ముందు కాలు ఏది మోపుతోంది. ముప్పై ఏళ్ల పైచిలుకు ఇదే పని చేసి రిటైరయ్యాను. ఆ పని నా ఇంట్లో నేను చేయలేదని, అంతా అయ్యాక గానీ తెలిసి రాలేదు. చంటిపిల్లకి నోరు లేదు, కుక్కకి లేదు. నాలుగేళ్ల పిల్లాడికి నోరుంది చూశారూ, వాడితోనే వచ్చింది చిక్కు. నోరున్న పేషెంటు ఏదో ఒకటి చెబుతాడు. అసలుది చెప్పడు.

సరే, పాప పుట్టింది. ఆసుపత్రిలో ఉండగానే నేనో పని చేశాను. పాపకి చుట్టిన గుడ్డ ఒకటి ఇంటికి తెచ్చి జిమ్మీ ముందు పెట్టాను. కుక్కకి కళ్లకంటే ముక్కు ముందు చూస్తుంది. మనిషి వచ్చేలోపు వాసన పరిచయమైతే, ఆ మనిషి వచ్చినప్పుడు అంత వింత పడదు. అది చాలాసేపు వాసన చూసి, తుమ్మి, గుడ్డ పక్కనే పడుకుంది. పరీక్ష పాసైంది అనుకున్నాను. అమ్మాయి ఇంటికొచ్చిన రోజు కూడా ఏం చేయాలో నాకు తెలుసు. తల్లి ఖాళీ చేతులతో ముందు లోపలికొచ్చి కుక్కని పలకరించాలి, దానికి బెంగ తీరాక, పాపని ఇంకొకళ్లు ఎత్తుకుని దూరంగా చూపించాలి, కుక్క మెడకి తాడుండాలి. ఇదంతా ఊళ్లోవాళ్లకి చెప్పేవాణ్ణే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పురిటింట్లోకి కుక్కేటి? వరండాలో కట్టీండి" అంది.

కట్టీశాను. (నవ్వులు) ఊరందరికీ డాక్టర్ని, ఇంట్లో కాంపౌండర్ని. ఆవిడ భయం పిచ్చి భయమని నేననను. చంటిపిల్లనీ కుక్కనీ ఒక గదిలో ఒంటరిగా వదలకూడదు. ఎంత మంచి కుక్కైనా సరే, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లొచ్చే పాటి సేపైనా సరే. ఆ మాట మీదే నేనున్నాను, ఇప్పటికీ. కానీ ఒంటరిగా వదలకపోవడం వేరు, గొలుసేసి వెలివేయడం వేరు. నాలుగేళ్లు మంచం కింద పడుకున్నదాన్ని ఒక్క రోజులో వరండాకి నెట్టి, ఇంట్లోంచి కొత్త ఏడుపొకటి వినిపిస్తుంటే, ఆ ఏడుపు వల్లే నాకిది జరిగిందని దానికి మనమే నేర్పుతున్నట్టు.

ఇక లోపల పథ్యాలు మొదలయ్యాయి. కాయం మందు, వెల్లుల్లి కారం, సొరచేపతో చేసే సొరపుట్టు, అవన్నీ బాగానే ఉన్నాయి. సొరపుట్టు వాసనకి పిల్లి కిటికీ వదల్లేదు. నీళ్ల దగ్గరొచ్చింది గొడవ. బాలింతకి నీళ్లెక్కువ ఇస్తే ఒళ్లు నీరు పడుతుందని మా ఆవిడ గ్లాసుతో కొలిచి ఇస్తోంది. అప్పుడు మాత్రం నోరు తెరిచాను. పెరట్లో మన ఆవు రోజుకి యాభై, అరవై లీటర్లు తాగుతుంది. అది నీళ్లు తక్కువ తాగితే సాయంత్రం బిందెలో తెలిసిపోతుంది నీకే. పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే, ఆవువైనా అమ్మవైనా. ఆవు తొట్టి నింపుతావు, కూతురి చెంబు దాస్తావేం? అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు గానీ చెంబు మంచం పక్కకొచ్చింది.

అలాగే ముర్రుపాలు. పశువుల కాపరికి ఇది చెప్పనక్కర్లేదు. దూడ పుట్టాక గంటా రెండు గంటల్లో జున్నుపాలు దాని కడుపులో పడాలి, ఎందుకంటే తల్లి కడుపులో ఉండగా రోగాన్ని తట్టుకునే శక్తి దానికి చేరదు, ఆ పాలతోనే చేరుతుంది, ఒక రోజు దాటితే పేగులు ఆ తలుపు మూసేస్తాయి. మనిషి బిడ్డకి కొంత కడుపులోనే అందుతుంది, అయినా ముర్రుపాలు ముర్రుపాలే. పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి, నేను చూశాను. మనం జున్ను కోసం దూడని కట్టేసేది చాలక, పసిదాని వాటా కూడా పారబోస్తామా?

ఇంకొకటి. "డాక్టరు గారూ, మీ ఆవుపాలు చిక్కగా ఉంటాయి కదా, పాపకి నీళ్లు కలిపి పట్టండి" అని మా వీధిలో ముగ్గురు చెప్పారు. దూడ పుట్టిన బరువుకి రెట్టింపవడానికి నెలన్నర, రెండు నెలలు చాలు. మనిషి బిడ్డకి అయిదు నెలలు కావాలి. దూడ గంటలో లేచి నిలబడాలి, మన పిల్ల ఏడాదికి నిలబడుతుంది. ఆ తొందరకి తగ్గట్టే ఆవుపాలలో మాంసకృత్తులు అమ్మపాలకి మూడు రెట్లు. చంటిపిల్ల మూత్రపిండాలు ఆ బరువు మోయలేవు. ఆర్నెల్లు అమ్మపాలు ఒక్కటే, నీళ్లు కూడా వద్దు. ఏడాది దాకా ఆవుపాలు తాగే పాలుగా పట్టొద్దు. ఆవు నాది, పాలు అమ్ముకునేది నేను, అయినా చెబుతున్నాను.

బొడ్డు గురించి కూడా ఒకాయన అడిగారు, "దూడ బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాస్తారు కదా, పాపకి కొంచెం రాయకూడదా?" అని. రాయకూడదు. దూడ పేడలో పడుకుంటుంది, పాప పక్క మీద పడుకుంటుంది. పొడిగా వదిలేయండి, దానంతటదే రాలుతుంది.

అసలు సంగతికొస్తాను.

పాప ఇంటికొచ్చిన వారంలో రెండు జరిగాయి. చిన్నా పక్క తడిపాడు. మానేసి ఏడాదిన్నర దాటింది. జిమ్మీ గుమ్మం పక్కన గోడ తడిపింది. అది పిల్లగా ఉన్నప్పుడు తప్ప ఎప్పుడూ చేయలేదు. చిన్నాని మా ఆవిడ, "ఇంత గుంటడివి, సిగ్గునేదేటిరా" అంది. జిమ్మీని నేనే కసిరాను. ఇద్దరూ ఒకే వారంలో ఒకే మాట చెబుతుంటే, ముప్పై ఏళ్లు రోగలక్షణాలు రాసుకున్నవాణ్ణి, వినలేదు.

చూడడానికొచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మనవాళ్లకో సరదా ఉంది, మీకూ తెలుసు. పెద్దపిల్లాణ్ణి పట్టుకుని, "ఏరా, నీ పనైపోయింది", "ఇంక అమ్మ ఒళ్లో నీకు జాగా నేదు", "మీ సెల్లిని ఎత్తుకుపోతాం, ఇచ్చీవా?" ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. నేనూ ఎన్నిళ్లలో అన్నానో. ఒకావిడ అలా అడిగితే చిన్నా లోపలికెళ్లి, పాప సంచీ తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. లంగోటాలూ, నూనె సీసా, అన్నీ సర్దే తెచ్చాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు.

ఆ తర్వాత రెండు రోజులకి, మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నాను. వరండాలో మాటలు వినిపించాయి. చూస్తే చిన్నా జిమ్మీ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో సగం తిన్న అరటిపండు. "నిన్ను గొలుసేసి కట్టీసినారు. నన్ను కట్నేదు గానీ లోపలికెల్తే సప్పుడు సేయకు, సప్పుడు సేయకు అంటన్నారు. అదెప్పుడూ పడుకునే ఉంటాది." కాసేపాగి, మిగతా పండు దానికి పెట్టి, "మనిద్దరం బైటోలం" అన్నాడు.

(కొంతసేపు నిశ్శబ్దం)

నాకు చాలా రోగాలు తెలుసండీ. ఆ మధ్యాహ్నం మాత్రం నా చేతిలో మందు లేదు. లేచి వెళ్లి గొలుసు విప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి ఏమీ అనలేదు. ఆవిడా విన్నదని సాయంత్రం తెలిసింది.

అప్పట్నుంచి రెండు మార్పులు చేశాం. జిమ్మీ లోపలికొచ్చింది, తాడుతో. పాప ఉన్న గది గుమ్మం దాకా దాని హద్దు. అక్కడ గోనెపట్టా పరిచాం. అది పట్టా మీద కుదురుగా ఉంటే బిస్కెట్టు ముక్క. పాప ఏడుపు వినిపించినప్పుడల్లా దానికేదో మంచి జరుగుతుందన్నమాట. నాలుగు రోజుల్లో పాప కెవ్వుమంటే తనే వచ్చి పట్టా మీద కూర్చునేది.

రెండోది, చిన్నాకి ఉద్యోగం ఇచ్చాం. గుమ్మం ఉద్యోగం. పాపని చూడ్డానికెవరొచ్చినా సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ లోపలికి వదలకూడదు. పిల్లలకిచ్చే పని దొంగపని కాకూడదండీ. ఇది నిజం పని, ఎందుకంటే చంటిపిల్లకి జలుబొచ్చేది చుట్టాల చేతుల మీదుగానే. వాడు బల్ల ఒకటి వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు, పక్కన జిమ్మీ. నాకు ఒకప్పుడు పై అధికారిగా చేసినాయన వచ్చారు. చిన్నా లేచి, "సబ్బెట్టి కడుక్కున్నారేటి?" అన్నాడు. ఆయన నవ్వి దాటబోతే, "మా తాతే కడుక్కుంటాడు, మీరు కడుక్కోరేటి?" (నవ్వులు) ఆయన దగ్గర నా సర్వీసులో నేనెప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. కడుక్కున్నారాయన, తువ్వాలు కూడా వాడే ఇచ్చాడు.

ఇంకొక చిన్న సంగతి. సాయంత్రం అయిదింటికి పాపని మా ఆవిడ ఎత్తుకునేది, అమ్మాయి చిన్నాని తీసుకుని గట్టు మీదికెళ్లేది. ఇరవై నిమిషాలు, ఎక్కువ లేదు. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలీదు. పక్క తడపడం ఎప్పుడు ఆగిందో కూడా ఎవరూ గమనించలేదు.

ఇదంతా చెబితే ఇల్లు చక్కబడిపోయినట్టుంది. లేదు. రెండో నెలలో మళ్లీ పెద్ద గొడవ. జిమ్మీ పడుకుని ఉంటే చిన్నా వెళ్లి దాని మీద పడి గట్టిగా వాటేసుకున్నాడు. ప్రేమేనండీ. కుక్కకి వాటేసుకోవడం ప్రేమ కాదు, పట్టుకోవడం. అది ముందు మొహం తిప్పుకుంది, మూతి నాక్కుంది, ఆవలించింది, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూసింది. ఇవన్నీ "ఒద్దు" అనే మాటలే. వాడికి తెలీదు. ఆఖర్న గుర్రుమంది. విజయనగరం నుంచి వారానికోసారి వచ్చే మా అల్లుడు గారు అప్పుడే చెప్పులు విప్పుతున్నారు, ఆ చెప్పుతోనే దాన్ని ఒకటి వేశారు. తండ్రి కదా, తప్పు పట్టను. కానీ ఒక్కటి గట్టిగా చెబుతాను, ఇంటికెళ్లాక మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. గుర్రుమన్న కుక్కని కొట్టకండి. గుర్రుమనడం దాని హారను. హారను కొడితే కొట్టారని అది హారను కొట్టడం మానేస్తుంది. తర్వాత చెప్పకుండా కరుస్తుంది. ఆ వారమంతా జిమ్మీ చాలా బుద్ధిగా ఉంది. అందరూ "దారికొచ్చింది" అన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. దాన్ని మళ్లీ గుర్రుమనేలా చేయడానికి నెల పట్టింది. (నవ్వులు) నవ్వుతారేంటి, నిజమే.

చిన్నాకి నేర్పింది ఇంతే. తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు. మన దగ్గరికి రమ్మని పిలువు. వస్తే మెడ కింద గోకు, రాకపోతే ఊరుకో.

ఇప్పుడు పిల్లి కథ. రహస్యం ఇందులోనే ఉంది.

మూడో నెల. ఉయ్యాలలో పాప పడుకుంది. చీర ఉయ్యాల, మీద దోమతెర. దోమతెర దోమలకే కాదు, పిల్లికి కూడా. పిల్లి ఊపిరి పీల్చేస్తుందని పెద్దలంటారు, అదేం లేదు. పిల్లికి వెచ్చని చోటు కావాలి, ఉయ్యాలలో పాప వెచ్చగా ఉంటుంది. వెళ్లి మొహం దగ్గర ముడుచుకుంటే పసిదానికి గాలాడదు, భయం అక్కడ. సాయంత్రం పాప ఒక్కసారిగా గుక్కపట్టింది. అందరం పరిగెత్తాం. దోమతెర పైకెత్తి ఉంది. పాప పిక్క మీద ఎర్రటి గుర్తు. పిల్లి కిటికీలోంచి అప్పుడే బయటికి దూకింది. ఇంకేముంది, తీర్పు అయిపోయింది. "గోనెలో కట్టీసి ఏటవతల ఒదిలీండి దాన్ని" అంది మా ఆవిడ. సంచి కూడా తెచ్చేసింది.

నేను కళ్లజోడు పెట్టుకుని గుర్తు చూశాను. పిల్లి గీరితే గీతలుంటాయి, సన్నగా, పక్కపక్కన, చర్మం చీరుకుని. ఇవి గీతలు కావు. రెండు నెలవంకలు, ఎదురెదురుగా. చర్మం తెగలేదు. బొటనవేలు, చూపుడువేలు.

తలెత్తాను. చిన్నా తలుపు వెనకాల ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు.

చెబితే వాడి వీపు విమానం మోత. చెప్పకపోతే పిల్లి నాగావళి దాటుతుంది, ఏ పాపమూ ఎరగనిది. పశువుల డాక్టరుగా నా ప్రమాణం పిల్లి వైపుంది, తాతగా ఇంకో వైపుంది. సాక్షిని నేనొక్కణ్ణే. నా చేతికి గొలుసు వాచీ ఉంది. "ఇందాక ఎత్తుకున్నప్పుడు నా వాచీ గొలుసు పట్టేసినట్టుంది. పిల్లి కాదు, నేనే" అన్నాను. మా ఆవిడ నన్నోసారి, వాచీనోసారి చూసింది. ఆవిడ పెంచింది నలుగురిని, గిల్లుడు ఆవిడకి తెలీదా! "అయితే ఆ వాచీ తీసీండి ముందు" అని సంచి మడిచి పట్టుకెళ్లిపోయింది. ఆ రోజు తీసిన వాచీ మళ్లీ పెట్టుకోలేదు, చూడండి. (చెయ్యి ఎత్తి చూపించారు)

చిన్నా ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు, పడుకోబోయాడు. మళ్లీ లేచి నా మంచం దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపాడు.

"తాతా, గోళ్లు కత్తిరించు."

కత్తిరించాను. పదీ కత్తిరించాను. మేమిద్దరం దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు, మొన్న సైకిలు బెల్లు బేరం దాకా.

తేలినీలాపురం గూడబాతుల్ని, అదే పెలికాన్‌లని, చూశారా మీరు? టెక్కలిలో పనిచేసినప్పుడు సీజనులో తరచూ వెళ్లేవాణ్ణి. పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపిల్లల్లా వస్తాయవి, చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్లన్నీ ఒకేసారి పిగలవు. ముందు పిగిలింది ముందు పెరుగుతుంది, తల్లి చేప తెస్తే ముందు దాని నోరే చేరుతుంది. గూట్లో తోపులాట చూస్తుంటే మా ఇల్లే గుర్తొస్తుంది నాకు. ఆ తల్లి ఎవర్నీ తిట్టదు, మళ్లీ చేపకి ఎగిరిపోతుంది. మనకి అంత తీరిక లేదు, తిడతాం.

జాగ్రత్తలు కొన్ని త్వరగా చెప్పేస్తాను, కరెంటు ఉండగానే. మా ఇంట్లో ఒకే మేకుకి మూడు కార్డులు వేలాడతాయి. పాప టీకాల కార్డు, జిమ్మీది, ఆవుది. పాపకి పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలు. జిమ్మీకి ఏటా రేబిస్‌కీ, డిస్టెంపరు, పార్వో అనే కుక్కల జబ్బులకీ టీకాలు. ఆవుకి ఆర్నెల్లకోసారి గాలికుంటు టీకా. ఏదో ఒక తేదీ ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఎవరిదీ మరిచిపోం. కుక్కకి మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయండి. పాకే పిల్ల నేల మీదివన్నీ నోట్లో పెట్టుకుంటుంది, కుక్క కడుపులో ఏలికపాముల గుడ్లు మట్టిలోనే ఉంటాయి. పిడుదుల మందు పశువులకి కొన్నది పిల్లికి రాయకండి. కొన్ని మందులు కుక్కకి పడతాయి, పిల్లిని చంపేస్తాయి. గర్భిణిగా ఉన్నవాళ్లు పిల్లి మలం ఎత్తొద్దు, ఇంకొకళ్లు ఎత్తాలి, అదీ ఏ రోజుకారోజు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి అంటించే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది. ఆ లోపే ఎత్తేస్తే బాధ లేదు.

రేబిస్ ఒక్కటి మాత్రం నిదానంగా చెప్పాలి. అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు ఎత్తు తక్కువ, కాటు మొహం మీదా చేతుల మీదా పడుతుంది. పైగా ఇంట్లో తిడతారని చెప్పరు. చిన్నా గిల్లుడే చెప్పలేదు, కుక్క గీరితే చెబుతాడా? అందుకని దెబ్బ చూపించిన పిల్లాణ్ణి తిట్టొద్దు, అదే ముందు. కరిచినా, గోరు గీరినా, పంపు కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగాలి. గడియారం చూసి పావుగంట. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి, ఏదీ పెట్టొద్దు. అక్కణ్ణుంచి సరాసరి ఆసుపత్రికి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజులకి. రక్తం వస్తే గాయంలోకి ఇంకో మందు కూడా ఎక్కిస్తారు, అది వద్దనకండి. చంటిపిల్లకైనా, గర్భిణికైనా, బాలింతకైనా ఈ టీకా వేయొచ్చు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేసిందే తొమ్మిదేళ్ల పిల్లాడికి. రోగం బయటపడ్డాక మాత్రం వైద్యం లేదు. నా సర్వీసులో రేబిస్ వచ్చిన పశువుల్ని చాలా చూశాను. ఆ చూపు నేను వర్ణించను, మీ పిల్లలున్నారు.

ఇక మీరడగండి.

(సభలోంచి ఒకరు: పురిట్లో తేనె నాకించొచ్చా అండీ?)

వద్దమ్మా. ఏడాది నిండే దాకా వద్దు. తేనెలో ఒక్కోసారి ఒక రకం బ్యాక్టీరియా విత్తనాలుంటాయి. మన కడుపు వాటిని మొలవనివ్వదు, చంటిపిల్ల పేగులకి ఆ శక్తి ఇంకా రాలేదు. మొలిస్తే ఒళ్లంతా చచ్చుబడుతుంది. స్వచ్ఛమైన మన్యం తేనె అయినా అంతే. తేనె మంచిదే, మీరు తినండి.

(ఇంకొకరు: శ్రీకూర్మం వెళ్లినప్పట్నుంచి మా వాడు తాబేలు కావాలంటున్నాడండీ.)

చిన్నా కూడా అడిగాడు. శ్రీకూర్మంలో అవి స్వామి సన్నిధిలో ఉన్నాయి, చూసే వాళ్లున్నారు. ఆ నక్షత్ర తాబేలు అడవి జంతువు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచడం నేరం. రామచిలక కూడా అంతే, పంజరాలున్న ఇళ్లు చాలా ఉన్నాయి, నేను చూడనట్టే వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. పైగా తాబేళ్ల వంటి మీద విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఉంటుంది, చంటిపిల్ల ఉన్న ఇంటికి అసలు తగదు. మా వాణ్ణి నెలకోసారి అక్కడికే తీసుకెళ్తున్నాను. చూడ్డానికి చట్టం అడ్డు రాదు.

(వెనక నుంచి ఒక అమ్మాయి: పెద్దోడు పాపని ముద్దు చేస్తాడండి గానీ గట్టిగా నొక్కేస్తాడు. ఏం చేయాలి?)

ఎన్నేళ్లమ్మా? మూడా. మరి వాడికి ఎక్కడ పట్టుకోవాలో చూపించారా? వద్దు, వద్దు అనడమేనా? పాదాలు చూపించండి. పాదాలు పట్టుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. మొహం, మాడు వద్దు. పట్టుకోవడానికి వాడికంటూ ఒక చోటుండాలి. మా పాప కాళ్లు ఆ ఏడాదంతా చిన్నావే. మీరు మాత్రం పక్కనే ఉండాలి, ఫోను చూస్తూ కాదు.

(మొదటి వరుసలోంచి: డాక్టరు గారూ, ఇంతకీ ఆ పిల్లి ఏమైందండీ?)

ఉంది. ఇప్పుడు దానికి పేరు కూడా ఉంది, పాప పెట్టింది. ఏం పేరో పాప తప్ప ఎవరూ పలకలేరు. (నవ్వులు) పోయిన నెల నాలుగు పిల్లల్ని పెట్టింది, మా ఆవిడ బీరువా వెనకాలే. ఇదే ఆఖరు ఈత, పిల్లలు పాలు మానగానే దానికి ఆపరేషను నేనే చేయిస్తున్నాను. పిల్లల కోసం ఇప్పటికే ఇద్దరడిగారు, రెండున్నాయింకా. రెండు నెలలు నిండాక, నులిపురుగుల మందు వేసి ఇస్తాను. కావలసినవాళ్లు బయట పేరు రాయించండి. వచ్చేటప్పుడు బుట్ట తెచ్చుకోండి. గోనెసంచి మాత్రం తేకండి.